పదమూడో ఊరి మీట

దయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా అమ్మ నా దండచేతికి తాయెత్తు కడితే, అందులోని రాగిరేకు విప్పి రేడియోలో బ్యాటరీ కింద అతుకుగా వాడుకున్న రకం నేను. ఆ రేడియో ఆ తర్వాత మూడేళ్ళు పాడింది. తాయెత్తు వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర నాకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, పెట్టె విప్పకముందే జబ్బు చెప్పేవాణ్ణి. మా జిల్లాలో కంప్యూటర్‌కు వచ్చే జబ్బులు మూడే. దుమ్ము, కరెంటు, మనుషులు. ఈ మూడింట్లో దేనిలోనూ ఇమడని జబ్బు నా జీవితంలో ఒక్కసారే చూశాను. దాన్ని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మండలం పేరు రాయను. ఊర్లకు, మనుషులకు వేరే పేర్లు పెడుతున్నాను.

రెండువేల రెండో మూడో, సరిగ్గా గుర్తులేదు. వరుసగా వానలు లేని ఏళ్ళు. ఊడలు దిగే సమయానికి చినుకు లేక వేరుశనగ చేలు ఎండిపోయాయి. పంటల బీమా కోసం రైతులందరికీ అడంగల్ నకళ్ళు కావలసివచ్చాయి. ఏ సర్వే నంబరులో ఎవరు ఏం పంట పెట్టారో చెప్పే కాగితం అది. కళ్యాణదుర్గం వైపు ఒక ఎమ్మార్వో ఆఫీసులో ఆ కాగితాలు తీసిచ్చే ఆపరేటర్ లక్ష్మీదేవి. ఆమె కంప్యూటర్‌కు నేను మెకానిక్‌ని.

లక్ష్మీదేవికి అప్పుడు పాతికేళ్ళు ఉంటాయి. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు శనక్కాయలు ఒలిచే మిషన్లో కుడిచెయ్యి పడి నాలుగు వేళ్ళు పోయాయి. ఎడమచేత్తోనే టైపు నేర్చుకుంది. ఆ వేగం చూస్తే రెండు చేతులున్న నాకే సిగ్గేసేది. కానీ ప్రతి రైతుకూ ఆ ఊరి ఫైలు తెరవాలి. దానికి కీబోర్డు వదిలి అదే చేత్తో మౌసు పట్టుకుని, ఫోల్డర్లో ఫోల్డరు వెతుక్కుంటూ నాలుగు మెట్లు దిగి, మళ్ళీ కీబోర్డు మీదికి రావాలి. కిటికీ బయట పొద్దున్నుంచీ బారులు తీరిన జనం.

సోమవారం ఎమ్మార్వో ఆమెను పిలిచి, శుక్రవారం సాయంత్రానికి కాగితాలన్నీ పోకపోతే కళ్యాణదుర్గం నుంచి రెండు చేతులున్న ఆపరేటర్‌ను తెప్పిస్తానన్నాడు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. ఆరోజే ఈ మాట ఆమె నాకు కళ్ళనీళ్ళు లేకుండా, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఈ అమ్మాయి ఉద్యోగం నేను నిలబెడతాను అనుకున్నాను. నిలబెట్టగలనని అనుమానం కూడా లేదు.

నా దగ్గర మందు ఉంది మరి. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో చిన్న లాంచర్ ప్రోగ్రాం ఒకటి ఉండేది. తెర అడుగున ఒక పట్టీలా కూర్చుంటుంది. ఏ మీటకు ఏ ఫైలో ఒక్కసారి చెప్పిపెడితే, తర్వాత ఆ మీట నొక్కగానే ఆ ఫైలు తెరుచుకుంటుంది. కీబోర్డు పైవరుసలో ఎఫ్ 1 నుంచి ఎఫ్ 12 దాకా ఉన్న పన్నెండు మీటలకు పన్నెండు ఊర్లు. ఇక మౌసుతో పనే లేదు.

చిక్కల్లా ఆ మండలంలో పదమూడు రెవెన్యూ గ్రామాలు ఉండటం. పదమూడోది మల్లాపురం అనుకోండి. అది బేచిరాక్ గ్రామం. అంటే రికార్డులో ఊరు ఉంటుంది, దానికి సర్వే నంబర్లు ఉంటాయి, మనుషులు మాత్రం ఉండరు. ఎప్పుడో గత్తర జబ్బు వచ్చి సగంమంది పోతే, మిగిలినవాళ్ళు తలోదిక్కు వెళ్ళిపోయారట. ఇప్పుడు అక్కడ రాళ్ళు, బీడు, పడిపోయిన గోడలు. అడంగల్ కావాలని ఎవరొస్తారు? నేను రెండో ఆలోచన లేకుండా మల్లాపురం వదిలేసి పన్నెండు ఊర్లూ పెట్టేశాను. ఏ మీట ఏ ఊరో చీటీలు రాసి మీటల పైన అతికించాను.

ఆ ఆఫీసులో ఓబులేసు అని ఒక ముసలాయన ఉండేవాడు. మల్లాపురం తలారి. మనుషులు లేని ఊరికి తలారి ఏమిటని మీకు నవ్వు రావచ్చు, ఆఫీసులో అందరూ అలాగే నవ్వేవాళ్ళు. రికార్డులో ఊరు ఉన్నంతకాలం తలారి ఉండాలి కాబట్టి ఉన్నాడు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఈయనకు వచ్చిన పని. రోజూ వచ్చి కడవలో నీళ్ళు నింపి, వాకిలి దగ్గర కూర్చుంటాడు. ఆయనకు చదువు రాదు. నా చీటీలను వేలుపెట్టి లెక్కపెట్టి నా వైపు చూశాడు.

“మా ఊరు యాడ పెట్టినావప్పా?”

మీ ఊర్లో మనుషులు లేరు కదా పెద్దాయనా, మీట నొక్కి ఎవర్ని పిలవాలి అన్నాను. ఇద్దరు గుమాస్తాలు నవ్వారు. ఆయన పోయి తన చోట కూర్చున్నాడు. నేను బస్సు అందుకోవాలని హడావుడిలో ఉన్నాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టి చూడకుండానే వచ్చేశాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను.

మంగళవారం పొద్దున్నే లక్ష్మీదేవి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. కరెంటు పోయి వచ్చాక లాంచర్ అన్నీ మర్చిపోయిందట. పట్టీ ఉంది, పన్నెండు గళ్ళూ ఉన్నాయి, గళ్ళలో ఊర్లు లేవు.

ఫోన్లోనే కారణం తెలిసిపోయింది. సీడీ నుంచి కాపీ చేసిన ఫైళ్ళ మీద, ‘చదవడానికి మాత్రమే’ అన్న గుర్తు అలాగే ఉండిపోతుంది. ఏ మీటకు ఏ ఊరో లాంచర్ రాసుకునే ఫైలు మీద కూడా ఆ గుర్తు ఉంటుంది. దాంతో అది రాసుకోలేదు, రాసుకోలేనిది గుర్తుపెట్టుకోలేదు. అక్కడికి వెళ్ళి చూస్తే సరిగ్గా అదే. గుర్తు తీసేశాను. ఊర్లు మళ్ళీ పెట్టాను. లాంచర్‌ను పద్ధతిగా మూసి, ఆ ఫైలును తెరిచి చూశాను. పన్నెండు వరుసలు, పన్నెండు ఊర్ల పేర్లు. లక్ష్మీదేవికి కూడా చూపించాను. కంప్యూటర్ ఆపి పెట్టాను.

మళ్ళీ ఆన్ అయ్యాక చూస్తే పట్టీలో గళ్ళు ఖాళీ. ఫైలు తెరిస్తే వరుసలు ఉన్నాయి, వాటిలో పేర్లు లేవు.

సరే, మొదలయ్యేటప్పుడు ప్రోగ్రామే దాన్ని తుడిచేస్తోంది అనుకున్నాను. నింపిన ఫైలుకు ఇంకో కాపీ తీసి వేరే ఫోల్డర్లో దాచాను. కంప్యూటర్ మొదలైన ప్రతిసారీ ఆ కాపీ వచ్చి అసలు ఫైలు స్థానంలో కూర్చునేలా రెండు వరుసలు రాసిపెట్టాను. ఈ పద్ధతి ఎక్కడా తప్పదు. ఆపి పెట్టాను. అసలు ఫైలు ఖాళీ. దాచిన కాపీ కూడా ఖాళీ.

ఇక్కడి నుంచి నేను చెప్పేది జాగ్రత్తగా చదవండి. ఊర్లు మూడోసారి పెట్టి, ఈసారి కాపీని ఫ్లాపీలో తీసుకున్నాను. ఫ్లాపీ మూలన ఉండే చిన్న తలుపు జరిపాను. అది జరిపితే ఏ కంప్యూటరూ దాని మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని కంప్యూటర్ ఆపి పెట్టాను. జేబులోంచి తీసి డ్రైవులో పెట్టి తెరిచాను. ఫైలు తేదీ, సమయం నేను కాపీ తీసినప్పటివే. పన్నెండు వరుసలు. ఒక్క దాంట్లోనూ ఊరు లేదు.

ఫ్లాపీ చెడిపోయిందని మీరంటారు. నేనూ అదే అన్నాను. చెడిపోతే అసలు తెరుచుకోదు, లేదా పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఊర్ల పేర్లు మాత్రమే ఏరుకుని పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం షాపులో అదే లాంచర్‌ను నా కంప్యూటర్లో ఎక్కించి, నా ఫైళ్ళు పన్నెండు పెట్టి, పదిసార్లు ఆపి పెట్టాను. పదిసార్లూ అన్నీ గుర్తున్నాయి.

దాంతో నాకు మళ్ళీ ధైర్యం వచ్చింది. జబ్బు ఆ పెట్టెది. బుధవారం నా షాపు కంప్యూటర్‌నే గోనెసంచిలో చుట్టి ఎర్రబస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళాను. అడంగల్ ఫైళ్ళు అందులోకి ఎక్కించి, ఊర్లు పెట్టి, ఆపి పెట్టాను. ముందు రోజు నా ఫైళ్ళను పదిసార్లు గుర్తుపెట్టుకున్న ఆ పెట్టే ఇప్పుడు ఒక్క ఊరునూ గుర్తుపెట్టుకోలేదు. ఫైళ్ళ పేర్లు పొడవయ్యాయేమోనని కురచ చేశాను. ఫోల్డరు మార్చాను. యూపీఎస్ మార్చాను. లక్ష్మీదేవి పాత పెట్టె మీద ఎడమచేత్తో మౌసు పట్టుకుని జనాన్ని పంపుతూనే ఉంది. వరుస మాత్రం కదలడం లేదు. ఎమ్మార్వో రెండుసార్లు గది బయటికి వచ్చి చూసి లోపలికి పోయాడు.

గురువారం మధ్యాహ్నానికి నా దగ్గర చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్ళలో నేను ఓడిపోయానని ఒప్పుకున్నది ఆరోజే. మన్నించమ్మా, నావల్ల కాలేదు అని చెప్పేశాను. చెబుతూ ఆమె ముఖం చూడలేక మీటల పైన నేను అతికించిన చీటీలు చూశాను. నా పరువు పోయినందుకు కాదని ఇప్పుడు అంటున్నాను గానీ, అందులో అది కూడా కొంచెం ఉంది.

లక్ష్మీదేవి భోజనం డబ్బా మూత పెట్టి, ఓబులేసు కూర్చున్న వైపు చూసింది. ఏటా ఊర్ల లెక్కలు సరిచూసే జమాబంది జరిగేటప్పుడు పెద్ద అధికారి వచ్చి మండలంలోని ఊర్ల పేర్లు వరుసగా చదువుతాడట. మల్లాపురం పేరు కూడా చదువుతాడట. ఓబులేసు లేచి నిలబడి, ఉండాము సామీ అంటాడట. అధికారి తలూపి తర్వాతి ఊరు చదువుతాడట. ఒక ఏడాది కొత్త అధికారి ఒకాయన, మనుషులు లేని ఊరు ఎందుకులే అని దాటేస్తే, ముసలాయన ఆ పేరు చదివేదాకా కూర్చోలేదట. ఆ పేరు చదివాకే పని ముందుకు సాగిందట.

ఇదంతా చెప్పి ఆమె అంది.

“అన్నా, మా ఊరు తీసేసి ఆడ మల్లాపురం పెట్టు. మా ఊరిది నేను మౌసుతో తెరుచుకుంటాలే.”

ఆమెది గంగవరం అనుకోండి. ఎఫ్ 12 మీట. పెద్ద ఊరు. ఆ ఊరి రైతులే అందరికంటే ఎక్కువమంది వరుసలో ఉన్నారు. ఆ మీట పోతే ఆమెకు పని ఇంకా పెరుగుతుంది. నాకు కోపం వచ్చింది. కంప్యూటర్‌కు ఊర్లో మనుషులున్నారో లేరో ఏం తెలుస్తుంది, దానికి అన్నీ ఫైళ్ళే అన్నాను. ఆమె వాదించలేదు. నేను చేసేదాకా నా వైపు చూస్తూ కూర్చుంది. ఇది కుదరదని చూపించడానికే చేశాను. ఆమె పాత పెట్టెలోనే ఊర్లన్నీ మళ్ళీ పెట్టి, ఎఫ్ 12 నుంచి గంగవరం నా చేత్తోనే తీసేశాను. మల్లాపురం పెట్టాను. ఆపి పెట్టాను.

పట్టీ వచ్చింది. ఊర్లన్నీ ఉన్నాయి.

మళ్ళీ ఆపి పెట్టాను. ఉన్నాయి. గోడ మీది స్విచ్చి టక్కున ఆపేశాను, కరెంటు పోయినప్పుడు జరిగేదే జరగాలని. మళ్ళీ పెడితే ఉన్నాయి. పట్టపగలు, రెండున్నర గంటలప్పుడు, చుట్టూ జనం మాట్లాడుకుంటూ ఉండగా నేను మీటల మీంచి చెయ్యి తీసేశాను. అప్పుడు లక్ష్మీదేవి తెర మీద వేలుపెట్టి గళ్ళు లెక్కపెట్టింది.

పదమూడు ఉన్నాయి.

పన్నెండో గడిలో మల్లాపురం. దాని పక్కన, పట్టీ అంచుకు ఆనుకుని ఇంకో గడి. అందులో గంగవరం. మిగతా అన్ని గళ్ళ మీదా మీట నంబరు ఉంది. దీని మీద ఏ నంబరూ లేదు. లక్ష్మీదేవి నన్ను అడగలేదు. ఎఫ్ 12 పక్కన, ఎవరూ వాడని మీట ఒకటి ఉంటుంది, దాని మీద ఎడమ చూపుడువేలు పెట్టి నొక్కింది. గంగవరం అడంగల్ తెరుచుకుంది.

లాంచర్ రాసుకునే ఫైలును తెరిచి చూశాను. పన్నెండు వరుసలే ఉన్నాయి. పన్నెండింటిలోనూ ఊర్లున్నాయి. గంగవరం పేరు ఆ ఫైల్లో ఎక్కడా లేదు.

లక్ష్మీదేవి అప్పటికే పని మొదలుపెట్టింది. నేను పక్కకు జరిగి నిలబడ్డాను. ఆ ఎడమచెయ్యి మీటల మీద పరుగెత్తుతుంటే ప్రింటర్ ఆగలేదు. కాగితాలు చించి కిటికీలోంచి అందిస్తూనే ఉంది. సాయంత్రానికి వరుస ఆఫీసు గేటు లోపలికి వచ్చేసింది. శుక్రవారం మూడు గంటలకల్లా చివరి రైతు వెళ్ళిపోయాడు. ఎమ్మార్వో కట్టలు చూసుకుని సంతకం పెట్టాడు. ఆపరేటర్‌ను మార్చే మాట ఆ తర్వాత ఆయన ఎత్తలేదు. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ లక్ష్మీదేవి కాంట్రాక్టు కొనసాగింది. కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయినా లాంచర్ ఒక్క ఊరినీ మర్చిపోలేదు.

నా సంగతి మీకు తెలిసిందే, ఊరుకునేవాణ్ణి కాదు. షాపులో అదే లాంచర్‌కు పదమూడో ఫైలు పెట్టడానికి నాకు తెలిసిన దారులన్నీ తొక్కాను. పన్నెండు దాటితే ఒప్పుకోదు. దానితో వచ్చిన, వాడే పద్ధతి చెప్పే కాగితంలోనూ పన్నెండు అనే రాసి ఉంది. నెల తర్వాత ఆ ఆఫీసుకు వెళ్ళినప్పుడు, మల్లాపురం ఒక్కసారి తీసి చూద్దాం, అప్పుడు అన్నీ పోతే ఏదో ఒకటి తేలుతుంది అన్నాను. లక్ష్మీదేవి తన కుడిచేతిని, ఆ వేళ్ళు లేని చేతిని, కీబోర్డు మీద అడ్డంగా పెట్టింది. ఆ చేతిని ఆమె నలుగురిలో బయటపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నేను మౌసు వదిలేశాను. అందుకే ఆ పరీక్ష జరగలేదు. మీరు అడిగితే చెప్పడానికి నా దగ్గర లేని సాక్ష్యం అదొక్కటే.

ఆరోజే బయటికి వస్తూ ఓబులేసు దగ్గర ఆగాను. మొదటి రోజు ఎగతాళిగా మాట్లాడినందుకు మన్నించమని అడిగాను. అది అడగడం నాకు కష్టమైంది. తర్వాత జరిగిందంతా చెప్పాను. ఊర్లు పోవడం, ఫ్లాపీ, మల్లాపురం పెట్టగానే అన్నీ నిలవడం, ఎవరూ పెట్టని పదమూడో గడి. ఆయన ఆశ్చర్యపోతాడని చూశాను. బీడీ ఆర్పి, బూడిద దులుపుకుని, ఇందులో అడగడానికేముంది అన్నట్టు నా ముఖం చూశాడు.

“వాళ్ళ చోటు వాళ్ళకిచ్చినారు. ఆ పాప చోటు తీసుకొని వాళ్ళేం చేసుకుంటారప్పా? మా ఊరోళ్ళు అట్లాంటోళ్ళు కాదు,” అన్నాడు.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. దుమ్ము, కరెంటు, మనుషులు అనే ఇప్పటికీ చెబుతాను, నూటికి నూరుసార్లూ అది నిజమే అవుతుంది. కానీ పన్నెండుకు మించి పట్టని ఆ పట్టీలో పదమూడు పట్టడం నేను చూశాను. ఎలా పట్టాయని అడిగితే, ఓబులేసు చెప్పిన మాట తప్ప నా దగ్గర వేరే సమాధానం లేదు. ఆ మాటను నేను నమ్మలేను. కాదని చెప్పడానికీ నాకు నోరు రావడం లేదు.